వంకర పన్ను

కిందటి వారం కండక్టరమ్మను మనం ఎక్కడ వదిలిపెట్టాం? వృద్ధుల హోమ్‌లో భోజనాల హాలు తలుపు మీద చెయ్యి వేసి, తోయనా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించిన చోట. ఆ క్షణం వారం రోజులు సాగింది, పాపం ఆ చెయ్యి నొప్పెట్టే ఉంటుంది. ఆలస్యంగా ఎక్కినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి, ఆ తలుపు తోసేద్దాం.

ఆమె సిటీ బస్సులో కండక్టరు. తల్లి పోయాక ఆమెను పెంచి పెద్ద చేసింది పిన్ని. ఆ పిన్ని స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాక, డ్యూటీకి పోతూ ఇంట్లో ఒంటరిగా వదల్లేక ఈ హోమ్‌లో చేర్చింది. చేరిన రోజు మణికట్టుకు బిగుతుగా ఉన్న వాచీ ఇప్పుడు చెయ్యెత్తితే మోచేతి దాకా జారుతోంది. ఎందుకిలా చిక్కిపోతోందని అడిగినప్పుడల్లా మేనేజరుది ఒకటే పాట, "ఆవిడే చాలంటోంది మేడమ్" అని. సోమవారం బరువు చూస్తారు. ఇంకా తగ్గి ఉంటే పై అంతస్తుకు మార్చేస్తారు. పై అంతస్తులో ముక్కులోంచి గొట్టం వేసి తిండి పోస్తారు, ఆ గొట్టం పీకేసుకోకుండా చేతులు మంచానికి కట్టేస్తారు. అక్కడికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ మెట్లు దిగి రావడం ఇంతవరకు ఎవరూ చూడలేదు. భోజనాల వేళ బయటివాళ్ళకు ప్రవేశం లేదు కనక, అసలు ఆ హాల్లో ఏం జరుగుతుందో కండక్టరమ్మా చూడలేదు. ఇవాళ శనివారం. గేటు దగ్గరి వాచ్‌మన్ రోజూ ఆమె బస్సులో వచ్చేవాడే కాబట్టి, చెప్పు సర్దుకునే నెపంతో అటు తిరిగి నిలబడ్డాడు.

ఆమె తలుపు తోసింది.

ముందు చెవుల్లో పడింది టీవీ. ఎవరూ చూడని టీవీ గోడ మీద గొంతు చించుకుంటోంది. ఆ తర్వాత ఫినాయిలు వాసన, దాని వెనక ఎక్కడో ఉడికిన కూర వాసన. ప్లాస్టిక్ షీట్లు పరిచిన పొడుగాటి బల్లలకు అటూ ఇటూ పెద్దవాళ్ళు కూర్చుని ఉన్నారు. చంటిపిల్లలకు కట్టినట్టు అందరి మెడలకూ గుడ్డలు కట్టారు. గ్లాసులన్నీ బోర్లించే ఉన్నాయి. నీళ్ళు తాగితే మాటిమాటికీ బాత్రూముకు తీసుకెళ్ళాలి కదా, అందుకని భోజనం చివర గుక్కెడు పోస్తారట. గోడకు అందమైన అక్షరాలతో ఒక బోర్డు వేలాడుతోంది: 'పెద్దల ఇష్టమే మా నియమం. బలవంతం చేయరాదు.'

ట్రాలీ తోసుకుంటూ వడ్డించే మనిషిని అక్కడందరూ ట్రాలీ అక్క అంటారు. చెడ్డ మనిషేం కాదు. మోకాళ్ళ నొప్పులతో కుంటుతూనే హాలంతా ఒక్కతే తిరుగుతోంది. ఆమె వడ్డించే తీరు ఏమిటంటే, కంచంలో ఒక గరిటె వేస్తుంది, గరిటె ఇంకా కంచం మీద ఉండగానే "చాలా పెద్దమ్మా?" అంటుంది. "చాలు తల్లీ" అంటుంది ఆ పెద్దావిడ. ట్రాలీ కదిలిపోతుంది. పక్క కంచం దగ్గర "చాలా తాతా?" అంటుంది. "చాలమ్మా చాలు" అంటాడాయన. మళ్ళీ ట్రాలీ కదిలిపోతుంది.

కండక్టరమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. చాలా అనే మాటకు మనకు రెండు అర్థాలున్నాయి. బోలెడు అని ఒకటి, సరిపోయిందా అని ఇంకొకటి. ఈ హాల్లో మొదటి అర్థం ఎప్పుడో చచ్చిపోయినట్టుంది. ఇక్కడ కూర్చున్నవాళ్ళు ఏ కాలం మనుషులు? ఎవరింటికి వెళ్ళినా మొదట వద్దనేవాళ్ళు. ఇంకోసారి అడిగితే చాలనేవాళ్ళు. ఆ పైన కూడా వడ్డిస్తుంటే కంచం వెనక్కి లాక్కోకుండా ఊరుకుని, ఆకలి సంగతి అలా చెప్పేవాళ్ళు. వాళ్ళ నోట చాలు అంటే, అడిగావు సంతోషం అని అర్థం. పిన్ని తనకు చిన్నప్పుడు ఏనాడూ చాలా అని అడిగి పెట్టలేదు. కంచం వంక చూసేది, పెట్టేది, అంతే. మర్యాదకు అన్న మాటను పట్టుకుని ఇక్కడ మనుషులను ఆకలితో మాడ్చేస్తున్నారని ఆమెకు ఆ గుమ్మంలోనే తేలిపోయింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

అలా తేలిపోయిన దాంట్లో సగమే నిజమని ఆమెకు ఇంకా తెలియదు. తెలియనిద్దాం, తొందరేముంది.

పిన్ని కిటికీ పక్కన చివరి కుర్చీలో ఉంది. అసలే మొహమాటం మనిషి. ఆ మొహమాటం గురించి రాయాలంటే ఈ వారం పేజీలు చాలవు. ఒకసారి ఏదో ఫంక్షన్‌లో ఎవరో ఆవిడ పిన్ని చెప్పులు తొడుక్కుని దర్జాగా వెళ్ళిపోతుంటే, కళ్ళారా చూస్తూ కూడా పిలవలేదు. నలుగురిలో ఆవిడ చిన్నబుచ్చుకుంటుందని, చివరికి మిగిలిన బిగుతు చెప్పుల్లో కాళ్ళు ఇరికించుకుని ఇంటికొచ్చి, బొబ్బలు తగ్గేదాకా కుంటింది. ఇంకోసారి బస్సులో పక్క సీటాయన నిద్రపోతున్నాడని లేపలేక, దిగాల్సిన స్టాపు దాటి డిపో దాకా వెళ్ళింది. ఆ బస్సు ఎవరిదో వేరే చెప్పాలా? డిపోలో ఆ రోజు కండక్టరమ్మ పిన్నికి పెట్టిన చీవాట్లు డ్రైవరు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు.

పిన్ని ఆమెను చూసింది. ముఖంలోకి సంతోషం కన్నా ముందు కంగారు వచ్చింది. చెయ్యెత్తి నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ మధ్య ఎప్పుడు మాట్లాడినా అదే అలవాటు.

"నువ్వేంటే ఈ వేళప్పుడు! భోజనాలప్పుడు రాకూడదంట కదా. వాళ్ళేమనుకుంటారు?"

"ఏమన్నా అనుకోనీ పిన్నీ. నీకేం పెట్టారో చూద్దామని వచ్చా."

"బాగానే పెట్టారు. నాకు చాలు."

కంచంలో ఒక గరిటె అన్నం, దాని పక్కన ఉడికీ ఉడకని కూరముక్కలు, ఒక నిండు యాపిల్ పండు ఉన్నాయి. కట్టుడు పళ్ళవాళ్ళ ముందు కోయని యాపిల్! తినడానికి పెట్టారో, ఫొటో తీయడానికి పెట్టారో మరి. అన్నం మధ్యలో చెంచాతో గీసిన గీత తప్ప తిన్న జాడే లేదు.

"మేడమ్" అంది వెనకనుంచి ఒక మెత్తటి గొంతు.

మేనేజరు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, ఘాటైన సెంటు, చేతులు కట్టుకుని నిలబడే వినయం. ఈ మనిషికి కోపం రాదు. అతనితో వచ్చిన చిక్కల్లా అదే. కోపమొచ్చే మనుషులతో అయితే కండక్టరమ్మ రోజూ బస్సులో గెలుస్తూనే ఉంటుంది.

"భోజనాల టైంలో ఫ్యామిలీస్‌కి ఎంట్రీ లేదు మేడమ్. మీకు తెలుసు."

"తెలుసు సార్. ఎందుకు లేదో ఇప్పుడే తెలిసింది."

"అర్థం కాలేదు."

"ఒక్క గరిటె వేసి చాలా అంటే, చాలనక ఏమంటారు సార్ వీళ్ళు? చాల్లేదు, ఇంకో రెండు వెయ్యి అంటారా? మీ ఇంటికొచ్చిన చుట్టాన్ని కూడా ఇలాగే అడుగుతారా?"

"కొంచెం మెల్లగా మేడమ్, ప్లీజ్. మేం ఎవర్నీ బలవంతం చెయ్యం. వద్దన్న మనిషి నోట్లో కుక్కడం హింస. తినాలా వద్దా అన్నది వాళ్ళ హక్కు."

"ఆకలితో మాడడమా సార్, హక్కు?"

"వయసు మేడమ్. ఈ వయసులో ఆకలి మందగిస్తుంది. ఒళ్ళు తగ్గుతుంది. ఇదంతా సహజం. మీరు ఎమోషనల్ అవుతున్నారు."

ఎమోషనల్! ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ లోపలికి రాననే మొండివాళ్ళు కూడా ఆమెను ఇంతగా మండించలేదు. చావుకు వయసు అని పేరు పెట్టి, ఆకలికి ఇష్టం అని పేరు పెట్టి, రెండింటికీ ఇస్త్రీ చేసి నిలబెట్టాడీ మనిషి. పళ్ళ బిగువున ఓర్చుకోవడం అంటారే, ఆమె అప్పటికి ఆ పనిలో ఉంది.

"మీకు ఇంకా అనుమానమైతే అటు చూడండి" అని మేనేజరు హాలు మధ్యలోకి చెయ్యి చూపించాడు. "మా అమ్మ. ఇక్కడే ఉంటుంది, ఇదే వంట తింటుంది. ఎలా ఉందో మీరే చూడండి. తినాలని ఉంటే మనిషి తింటుంది మేడమ్."

మధ్య బల్ల దగ్గర, ఫ్యాను కింద, దిండు వేసిన కుర్చీలో కూర్చున్న ఆ పెద్దావిడను హోమ్‌లో అందరూ రాణిగారు అంటారు. బుగ్గలు నిగనిగలాడుతున్నాయి. వినికిడి తక్కువ కాబట్టి, హాల్లో మాటా మాటా పెరుగుతున్నా తనకేమీ పట్టనట్టు పెదవులు మూసుకుని యాపిల్ ముక్కలు కరకరా నములుతోంది. ఆవిడ యాపిల్ మాత్రం ఎవరో శ్రద్ధగా ముక్కలు కోసి పెట్టారు.

"అదే హాలు, అదే వంట" అన్నాడు మేనేజరు. "మీ పిన్నిగారికి ఇష్టం లేదు, అంతే. సోమవారం బరువు చూసి పైకి పంపుతాం. అక్కడ ఏ లోటూ ఉండదు."

"పైకి పంపడమంటే మా మాటల్లో అర్థం వేరు సార్."

ఎవరో ముసలాయన కిసుక్కున నవ్వి, దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు.

"జోకులొద్దు మేడమ్."

"జోకా? మీరు పైకి పంపినవాళ్ళలో కిందికి దిగొచ్చిన మనిషిని ఒక్కర్ని చూపించండి. నోరు మూసుకుని ఇప్పుడే పోతాను."

మేనేజరు ట్రాలీ పోనివ్వమని అక్కకు సైగ చేశాడు. అక్క తోసింది.

కదిలే బండిని ఆపడం కండక్టరమ్మ ఉద్యోగం. "హోల్డాన్!" అని ఒక్క కేక పెట్టింది. ట్రాలీ ఆగిపోయింది. టీవీ రిమోట్ చేతిలో ఉన్న పెద్దాయన ఉలిక్కిపడి టీవీ కట్టేశాడు.

"అక్కా, ఆ గరిటె ఇటివ్వు. నువ్వు కాసేపు కూర్చో."

అక్క మేనేజరు వంక చూసింది, తన మోకాళ్ళ వంక చూసుకుంది, గరిటె ఇచ్చేసి కూర్చుంది.

మొదటి బల్ల దగ్గర మొదటి కంచంలో కండక్టరమ్మ అడక్కుండా ఇంకో గరిటె వేసింది. "చాలు చాలు" అంది ఆ పెద్దావిడ. అన్నదే గానీ చెయ్యి అడ్డం పెట్టలేదు. మళ్ళీ వేసింది. "అయ్యో, చాలమ్మా" అంటూనే ఆవిడ చెంచా అందుకుంది. ఆ పక్కన రైల్వేలో పనిచేసి రిటైరైన తాత ఉన్నాడు. ఆయన "చాలు" అని కంచాన్ని ఇంకాస్త ముందుకు జరిపాడు. ఆయన పక్కాయన తన వంతు రాకుండానే కంచం ఎత్తి పట్టుకున్నాడు. చేతులు వణికి కూర బల్ల మీద ఒలికింది. ఒలికినదాన్ని వేళ్ళతో ఎత్తుకుని గబగబా తిని, అందరూ చూశారేమోనని తల దించుకున్నాడు.

"ఇంకొంచెం అడగొచ్చా అమ్మా?" అన్నాడు తల ఎత్తకుండానే. "అడిగితే ఏమన్నా అంటారా?"

కండక్టరమ్మ కళ్ళు మండాయి. ముఖం తిప్పుకుంది. గరిటె పట్టిన చెయ్యి మాత్రం ఆగలేదు.

"జరగండి జరగండి, ముందుకు జరగండి, అందరికీ ఉంది!" బస్సు గొంతు తన్నుకొచ్చేసింది ఆమెకు తెలియకుండానే. హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. "రైట్ రైట్!" అన్నాడు రైల్వే తాత నోటి నిండా అన్నంతో. చెంచాల చప్పుడు మొదలైంది. ఆ హాల్లో అంత చప్పుడు విని ఎన్నాళ్ళయిందో, ట్రాలీ అక్క కూర్చున్న చోటే నోరు తెరుచుకుని చూస్తోంది.

మేనేజరు ట్రాలీ వెంటే నడుస్తున్నాడు. "అజీర్తి చేస్తే బాధ్యత ఎవరిది మేడమ్?"

"నాది సార్."

"పక్కలు పాడైతే మార్చేదెవరు?"

"అదీ సంగతి! అలా చెప్పండి. హక్కు, హింస అని మెలికలు తిప్పారు గానీ, ఎక్కువ తింటే మీకు చాకిరీ ఎక్కువ. తాగితే బాత్రూము, తింటే పక్క. ఏమీ పెట్టకపోతే శుభ్రంగా ఉంటుంది హోమ్."

కండక్టరమ్మకు గెలిచేశాననిపించింది. ఆ ఊపులోనే కిటికీ దగ్గరికి వచ్చి, పిన్ని కంచంలో నిండుగా వడ్డించింది.

"ఇదిగో పిన్నీ. నేను చాలా అని అడగను. పెడుతున్నా, తిను."

పిన్ని కంచం వంక, ఎవరో శిక్ష వేసినట్టు చూసింది. హాలంతా చూస్తోంది. చెంచాతో కాస్త తీసుకుని నోట్లో పెట్టుకుంది. దవడ అటూ ఇటూ కదిలింది. నోట్లో ఏదో టక్కుమంది. మళ్ళీ కదిపింది, మళ్ళీ టక్కుమంది. పిన్ని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. రుమాలు తీసేసరికి ముద్ద అందులో ఉంది, పెట్టుకున్నది పెట్టుకున్నట్టే ఉంది. ఎవరూ చూడకుండా మడిచి ఒళ్ళో దాచుకోబోయింది.

"చూశారా మేడమ్?" అన్నాడు మేనేజరు, ఇంకా మెత్తగా. "మీరు పెట్టినా అంతే. నేను మొదట్నుంచీ చెబుతున్నది ఇదే."

అంతసేపూ అతని మీద మండిన కోపం దారి తప్పి పిన్ని మీద పడింది.

"ఏంటి పిన్నీ ఇది! చచ్చిపోదామనుకుంటున్నావా? ఆ గొట్టం వేయించుకోవాలని ఉందా నీకు? మంచానికి కట్టేస్తారు, తెలుస్తోందా! నీ కోసం నేనిక్కడ ఊరందరితో కొట్లాడుతుంటే, నువ్వు ముద్ద తీసి రుమాల్లో దాచుకుంటావా? ఎందుకు తినవు? నోరు తెరిచి చెప్పు!"

పిన్ని ఉలిక్కిపడింది. అడ్డం పెట్టుకున్న చెయ్యి జారిపోయింది. నోరు తెరుచుకుంది.

లోపల పళ్ళు కనబడ్డాయి. తెల్లగా, పెద్దగా, గీత గీసినట్టు వరసగా ఉన్నాయి. పై వరస చిగుళ్ళకు అంటుకోకుండా జారి, మాట కోసం పెదవులు కదిలేసరికి కింది వరస మీద టక్కుమని పడింది.

పిన్నికి అంత చక్కటి పలువరస పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ లేదు. సొంత పళ్ళున్న రోజుల్లో పై వరసలో ముందు పన్నొకటి పక్కదాని మీదికెక్కి వంకరగా ఉండేది. పళ్ళన్నీ ఊడి కట్టుడు పళ్ళు చేయించినప్పుడు, ఆ మొహమాటం మనిషి జీవితంలో మొదటిసారి ఒకరిని నోరు విడిచి ఒకటి అడిగింది. "ఆ పన్ను వంకరగానే పెట్టండి డాక్టరుగారూ. తిన్నగా పెట్టారంటే అద్దంలో ఎవరో పరాయావిడ కనబడుతుంది నాకు." పళ్ళ డాక్టరు పకపకా నవ్వి, అడిగినట్టే వంకర పన్ను పెట్టి ఇచ్చాడు. వాటిని పెట్టుకుని అద్దంలో చూసుకుని, "నేనే" అనుకుని మురిసిపోయింది పిన్ని. కట్టుడు పళ్ళలో వంకర పన్ను కావాలని అడిగి పెట్టించుకున్న మనిషి లోకంలో ఇంకెవరూ ఉండరని కండక్టరమ్మ డిపో అంతా చెప్పుకుంది.

"పిన్నీ" అంది ఇప్పుడు. "ఇవి ఎవరి పళ్ళు?"

పిన్ని గబుక్కున మళ్ళీ చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మెల్లగా అనవే."

"ఎవరి పళ్ళు పిన్నీ ఇవి!"

జవాబు ట్రాలీ అక్క దగ్గర్నుంచి వచ్చింది. "రాత్రి అందరివీ తీసి ఒకే టబ్బులో వేసి కడుగుతామమ్మా. పొద్దున్నే ఎవరివి వాళ్ళకి ఇచ్చేస్తాం."

"ఎవరివి ఎవరివో ఎలా తెలుస్తుంది?"

"ఆనవాలు పట్టగలిగినవాళ్ళు ఏరుకుంటారు. లేవలేనివాళ్ళకి మేమే సైజు చూసి..." అక్క గొంతు సన్నబడిపోయింది. "పైకి వెళ్ళినవాళ్ళకి గొట్టమే కదా, పళ్ళతో పనుండదు. వాళ్ళవీ ఆ టబ్బులోనే ఉండిపోతాయి."

సైజు చూసి! చెప్పుల కొట్టువాడైనా తొడిగి చూసి ఇస్తాడు. నవ్వు రావలసిన మాటే. ఇంకెవరి నోటి సంగతైనా అయితే కండక్టరమ్మ పడీ పడీ నవ్వేది. కానీ ఆ నోరు పిన్నిది. పైకి పోయిన ఏ మనిషివో పళ్ళు పెట్టుకుని, చిగుళ్ళు ఒరుసుకుపోతుంటే, గరిటె ఎత్తిన ప్రతిసారీ చాలు చాలంటూ ఎండిపోయింది. ఆకలి లేక కాదు, మర్యాదకూ కాదు, నమల్లేక. పెట్టింది వదిలేస్తే పారబోస్తారని, ముందే చాలంది. ఒక మనిషి నమల్లేక అన్న మాటను పట్టుకుని ఈ హోమ్ బోర్డు రాయించి గోడకు తగిలించుకుంది. ఇవాళ ఆ బోర్డు పీకి నేలకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది ఆమెకు.

"ఎప్పట్నుంచి పిన్నీ?"

"వానలు మొదలైనప్పట్నుంచి."

"మరి నాకు చెప్పొచ్చు కదా! వచ్చిన ప్రతిసారీ అడిగాను కదా!"

"ఏమని చెప్పనే?" పిన్ని రుమాలు చాటునుంచి గుసగుసలాడింది. "నా పళ్ళు నాకిమ్మంటే, ఆవిడ నోట్లోంచి తీయాలి కదా. అంత పెద్దదాని నోట్లోంచి నలుగురిలో పళ్ళు తీయించనా? పాపం, ఆవిడ కమ్మగా తింటోంది. పోనీలే, ఎవరో ఒకరం తింటున్నాం కదా అని ఊరుకున్నా."

మళ్ళీ అవే చెప్పులు. కండక్టరమ్మకు పిన్నిని కొట్టాలనిపించింది, కావలించుకుని ఏడవాలనిపించింది. రెండూ చెయ్యలేదు.

"ఎవరావిడ?"

పిన్ని తల అడ్డంగా ఊపింది.

"సోమవారం నిన్ను పైకి పంపుతారు పిన్నీ. ఎవరో చెప్పు!"

"చెబితే నువ్వు గొడవ చేస్తావు."

"ఇప్పుడు చేస్తున్నదేంటి మరి, ముచ్చట్లా?"

"పొరపాటు జరిగింది మేడమ్" అన్నాడు మేనేజరు మధ్యలో కల్పించుకుని. "ఒప్పుకుంటున్నాను. టబ్బు దగ్గర మా స్టాఫ్ అజాగ్రత్త." అక్క వైపు తిరిగాడు. "నువ్వు రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు." అక్క ముఖం పాలిపోయింది. "మీ పిన్నిగారికి కొత్త పళ్ళు చేయిద్దాం మేడమ్. కొంచెం టైం పడుతుంది. అప్పటిదాకా పైనే ఉంచితే ఆవిడకీ సౌకర్యం, మీకూ నిశ్చింత. రండి, ఆఫీసులో కూర్చుని మాట్లాడుకుందాం."

ఎన్నడూ తొణకని మనిషి గబగబా మాట్లాడుతున్నాడు. ఇస్త్రీ చొక్కా చంకల్లో తడిసింది. మాట్లాడుతూ మాట్లాడుతూనే పక్కకు జరిగి, మధ్య బల్లకు అడ్డంగా నిలబడ్డాడు. టికెట్టు తీయనివాళ్ళు బస్సులో ఎటు జరుగుతారో కండక్టరమ్మ రోజూ చూసేదే.

"జరగండి సార్."

"మేడమ్, అనవసరంగా మా అమ్మను ఇందులోకి లాగకండి."

"మీ అమ్మ పేరు నేనెత్తలేదే!"

హాల్లో చెంచాలన్నీ ఆగిపోయాయి. ఆమె భుజంతో అతన్ని పక్కకు నెట్టుకుని, గరిటె చేతిలో ఉండగానే మధ్య బల్ల దగ్గరికి వెళ్ళింది.

రాణిగారు తలెత్తి చూసింది. ఎదురుగా గరిటె పట్టుకున్న మనిషి. ఇంకా ఏదో వడ్డించడానికి వచ్చిందనుకుంది.

"ఏమ్మా, ఇంకా ఉందా? పెట్టు పెట్టు!" అని నోరారా నవ్వింది.

పై వరసలో, ముందు పన్నొకటి పక్కదాని మీదికెక్కి, వంకరగా ఉంది.

చిన్నప్పుడు జ్వరమొస్తే మంచం పక్కన కూర్చుని నవ్విన నవ్వు, జీతం తెచ్చిన మొదటి రోజు గుమ్మంలో ఎదురొచ్చిన నవ్వు. అది ఇప్పుడు ఎవరి ముఖంలోనో ఉంది.

"అమ్మా, నువ్వు తిను. ఏం లేదు" అన్నాడు మేనేజరు వెనకనుంచి.

"పెద్దమ్మగారూ, ఈ పళ్ళు ఎవరివి?"

"ఆఁ?" అంది రాణిగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

కండక్టరమ్మ ఊపిరి నిండా పీల్చుకుంది. కిక్కిరిసిన బస్సులో చివరి సీటు దాకా వినబడే గొంతుతో అరిచింది. "ఇవి మా పిన్ని పళ్ళు! అదిగో, కిటికీ పక్కన కూర్చుందే, ఆవిడవి! ఇవి లేక నమల్లేక, తిండి లేక చచ్చిపోతోంది మా పిన్ని!"

ఈసారి వినబడింది. రాణిగారి దవడ ఆగింది. మెల్లగా కుర్చీలో తిరిగి కిటికీ వైపు చూసింది. అక్కడ పిన్ని, తప్పంతా తనదే అయినట్టు బెదురుగా రెండు చేతులూ జోడించింది.

"పర్లేదండీ" అంది. "మీరు తినండి."

రాణిగారు చేతిలోని యాపిల్ ముక్క కంచంలో పెట్టేసింది. నోట్లో వేళ్ళు పెట్టి, పై వరస తీసి అరచేతిలో పెట్టుకుంది. నిగనిగలాడే బుగ్గలు ఒక్కసారిగా లోపలికి పోయాయి. రాణిగారు కాస్తా ఆ హాల్లో ఉన్న అందరిలాంటి ముసలమ్మ అయిపోయింది. ఆ బోసినోటితోనే, మాటలు తడబడుతూ, కొడుకును నిలదీసింది.

"ఒరేయ్, ఇవి పైకి వెళ్ళిపోయినావిడవి అన్నావు కదరా! ఆవిడకి ఇంక అక్కర్లేదన్నావు కదరా! ఈవిడ నా ఎదురుగా కూర్చుని ఉందేమిట్రా?"